టీ చవకైతే బోస్టన్ ఎందుకు మండిపడింది?

చిరంజీవికి,

ఆశీస్సులు. బ్రిటన్ మీద అమెరికా వలసలు చేసిన తిరుగుబాటు గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. ముందు ఆ మొదటి వాక్యం కొట్టెయ్: "పన్నుల భారం మోయలేక జనం తిరగబడ్డారు." అది ఉన్నంతసేపూ మిగతా సంగతులు పొసగవు. 1764 చక్కెర చట్టం మొలాసిస్ (చెరకు మడ్డి) సుంకాన్ని గ్యాలనుకు ఆరు పెన్నీల నుంచి మూడుకు తగ్గించింది. 1773 టీ చట్టం కొత్త పన్నేదీ వేయలేదు. పైగా ఈస్టిండియా కంపెనీ టీని దొంగరవాణా సరుకుతో పోటీపడేంత చవక చేసింది. అయినా జనం ఎందుకు మండిపడ్డారో చెప్పాలి.

అందుకని ప్రతి చట్టం దగ్గరా ఆగి, ఎలా వసూలు చేశారు, ఎగ్గొడితే విచారణ ఎక్కడ, వచ్చిన డబ్బు ఎవరికి అని అడుగు. పాత ఆరు పెన్నీలను లంచాలతో ఎగ్గొట్టేవారు. కొత్త మూడింటిని ముక్కుపిండి వసూలు చెయ్యాలనుకున్నారు. పట్టుబడితే కేసు జ్యూరీ లేని నౌకా న్యాయస్థానానికి వెళ్లేది. 1765 స్టాంపు చట్టం పత్రికలు, దస్తావేజులు, సారా దుకాణాల లైసెన్సులు, చివరికి పేకముక్కల మీదా పడింది. అంటే లాయర్లు, ముద్రాపకులు, వర్తకులు, ఊళ్లో నోరున్నవాళ్లందరినీ ఒకేసారి తాకింది. గాజు, కాగితం, టీ లాంటి దిగుమతుల మీద బ్రిటిష్ ఆర్థిక మంత్రి టౌన్‌షెండ్ 1767లో వేయించిన సుంకాల రాబడితో గవర్నర్లకూ జడ్జీలకూ జీతాలివ్వాలని తలపెట్టారు. చాలా వలసల్లో అప్పటిదాకా ఆ జీతాలిచ్చింది శాసనసభలే. గవర్నరుకు వేసిన ముఖ్యమైన పగ్గం అదే. నీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యమే ఉంది, ఒక పేరా ఇవ్వు.

లండన్ వాదననూ న్యాయంగా చెప్పు. ఫ్రాన్సుతో ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసేసరికి బ్రిటన్ అప్పు దాదాపు రెట్టింపై సుమారు 13 కోట్ల పౌండ్లకు చేరింది. వలసల రక్షణ ఖర్చులో వలసలూ కొంత మోయాలన్నది వాళ్ల మాట.

తేదీలను లండన్‌కు ఒక వరసలో, బోస్టన్‌కు మరో వరసలో రాసుకో. కబురు ఓడలో రావడానికి నెలకు పైనే, ఒక్కోసారి రెండు నెలలు పట్టేది. 1770 మార్చి 5న బోస్టన్‌లో సైనికుల కాల్పులకు ఐదుగురు బలయ్యారు. అదే రోజు లండన్‌లో ప్రధాని లార్డ్ నార్త్ టీ తప్ప మిగతా టౌన్‌షెండ్ సుంకాలు ఎత్తేద్దామని ప్రతిపాదించాడు. కాల్పులకు జడిసి తగ్గారని నువ్వు రాసింది అసాధ్యం.

బోస్టన్ జనం టీ పెట్టెలను రేవులో పారేసిన రాత్రిని కేవలం ఆవేశంగా చూపించకు. దాని వెనుక గడువుంది. టీ తెచ్చిన డార్ట్‌మత్ ఓడ 1773 నవంబరు 28న వచ్చింది. ఇరవై రోజుల్లో సుంకం కట్టకపోతే అధికారులు సరుకు స్వాధీనం చేసుకోవచ్చు. ఓడను వెనక్కి పంపడానికి గవర్నర్ హచిన్‌సన్ అనుమతివ్వలేదు. గడువు తీరబోతుండగా డిసెంబరు 16 రాత్రి మూడు ఓడల్లోని 342 పెట్టెలు నీళ్లపాలయ్యాయి. అది చైనా టీ, భారతదేశపుది కాదు. తెలుగు పాఠకుడికి ఇంకో సంగతి చెప్పు: 1765లో ఉత్తర సర్కారులకు మొగలు ఫర్మానా తెచ్చుకున్న ఈస్టిండియా కంపెనీ ఇదే. 1772 నాటికి అప్పుల్లో మునిగి, గోదాముల్లో టీ పేరుకుపోయి, పార్లమెంటును ఆశ్రయించింది.

నువ్వు పెంచి రాయాల్సింది ఆ తర్వాతి కథ. 1768లో మొదలైన బ్రిటిష్ దిగుమతుల బహిష్కరణ వర్తకుల చేతుల్లో ఉండేది. 1770లో న్యూయార్క్ తప్పుకోగానే కూలిపోయింది. టీ పారేసినందుకు శిక్షగా బోస్టన్ రేవును మూయించిన 1774 చట్టాల తర్వాత, ఫిలడెల్ఫియాలో కూడిన వలసల ప్రతినిధుల సభ (కాంగ్రెస్) ఆ పాఠం నేర్చుకుంది. బహిష్కరణ అమలుకు ప్రతి కౌంటీ, పట్టణం సంఘాన్ని ఎన్నుకోవాలంది. సంఘాలు వర్తకుల ఖాతాలు తనిఖీ చేశాయి, కట్టు తప్పినవాళ్ల పేర్లు పత్రికల్లో వేయించాయి. చాలాచోట్ల రాజు అధికారులు చూస్తుండగానే పాలన వాటి చేతికొచ్చింది. ఎవరెవరు ఎన్నికయ్యారో, ఎవరిని ఏమని హెచ్చరించారో ఏదో ఒక ఊరి సంఘాన్ని పట్టుకుని రాయి.

1765 నాటి మనుషుల నోట స్వాతంత్ర్య నినాదం పెట్టకు. 1775 ఏప్రిల్‌లో బోస్టన్ సమీపంలోని లెక్సింగ్టన్ దగ్గర బ్రిటిష్ సైన్యంతో పోరులో నెత్తురు చిందాక కూడా, జులైలో కాంగ్రెస్ రాజుకు సంధి కోరుతూ విన్నపం పంపింది.