యూరప్ చట్టాల మీద పీహెచ్‌డీ ఎలా?

ప్రశ్న: ఎల్‌ఎల్‌ఎం అయింది. యూరోపియన్ యూనియన్ చట్టాల మీద పీహెచ్‌డీ చేయాలనుంది. ఫీజులు తలచుకుంటేనే టెన్షన్. – ఓ పాఠకురాలు, వరంగల్

జవాబు: ఫీజుల భయం కాస్త పక్కన పెట్టండమ్మా. నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ చాలావరకు జీతమిచ్చే ఉద్యోగమే. యూనివర్సిటీలు ఖాళీలు ప్రకటిస్తాయి. ఇటలీలో ఫ్లోరెన్స్ పక్క కొండల్లో, 1976లో మొదలైన యూరోపియన్ యూనివర్సిటీ ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడ లా పీహెచ్‌డీ నాలుగేళ్లు.

అసలు పరీక్ష మీ పరిశోధన ప్రతిపాదనే. ‘యూరప్‌లో గోప్యత హక్కు’ లాంటి శీర్షికలు చూసి చూసి నాకే విసుగొచ్చింది, ఇక ఎంపిక చేసే ప్రొఫెసర్ల సంగతి చెప్పాలా! ఒక్క అంశం పట్టుకోండి. విదేశాలకు డేటా పంపడం గురించి 2018 నుంచి అమల్లో ఉన్న యూరోపియన్ యూనియన్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ఏమంటోంది, మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఏమంటోంది? యూరప్ నుంచి అమెరికాకు డేటా పంపే ఏర్పాటును కొట్టేసిన 2020 నాటి ష్రెమ్స్ తీర్పు చదివి తీరాలి. ఫ్రెంచ్ కూడా మొదలుపెట్టండి. ఆ తీర్పిచ్చిన, లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ యూనియన్ కోర్టు న్యాయమూర్తులు తమలో తాము చర్చించుకునేది ఆ భాషలోనే.