మాడ్రిడ్–లిస్బన్ విమాన టికెట్లో 20 నిమిషాలేనా?

టికెట్ తప్పు కాదండీ. 10:00కి మాడ్రిడ్‌లో బయలుదేరి 10:20కి లిస్బన్‌లో దిగడం అంటే, రెండూ స్థానిక సమయాలే. పోర్చుగల్ గడియారం స్పెయిన్ కంటే గంట వెనక. వేసవిలో రెండు దేశాలూ గడియారాలను ఒకేసారి గంట ముందుకు జరుపుకుంటాయి కాబట్టి ఏడాది పొడవునా అదే తేడా. అసలు ప్రయాణం 1 గంట 20 నిమిషాలు. వెనక్కి వచ్చేటప్పుడు ఇదే 2 గంటల 20 నిమిషాలుగా కనిపిస్తుంది, కంగారు పడకండి.

గాల్లో దూరం సుమారు 510 కిలోమీటర్లే, గాల్లో ఉండేది గంటలోపే. మిగతాది రన్‌వే దాకా పాక్కుంటూ వెళ్లడానికి (మాడ్రిడ్ విమానాశ్రయం బరాజాస్ చాలా పెద్దది) పోతుంది.

సరిహద్దు దగ్గరి స్పెయిన్ నగరం బడహోజ్ మీదుగా రోడ్డున అయితే దాదాపు 625 కిలోమీటర్లు, ఆరు గంటలు. లిస్బన్‌లో ఇంకో విమానం పట్టుకోవాలంటే మాత్రం లెక్కంతా లిస్బన్ టైమ్‌లోనే వేయండి. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉంటే ఇంకా మాడ్రిడ్ టైమే చూపిస్తుంది.