ఆటిజం బాబుకి ‘సమగ్ర చికిత్స’ ప్యాకేజీ... అంతకంటే ముందు పొట్ట, పళ్లు, నిద్ర చూపించారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి నాలుగేళ్ల ఎనిమిది నెలలు. మూడేళ్లు నిండాక ఆటిజం అని చెప్పారు. స్పీచ్ థెరపీకి, ఆక్యుపేషనల్ థెరపీకి తీసుకెళ్తున్నాం. ఏడెనిమిది మాటలు వచ్చాయి కానీ అవసరానికి వాడడు. తినేవి నాలుగే నాలుగు రకాలు. అవి కరకరలాడాలి, లేదంటే పాలు. మోషన్ నాలుగైదు రోజులకోసారి. రాత్రి రెండింటికి లేచి కూర్చుంటాడు. రెండు నెలల నుంచి దవడ మీద, తల మీద చేత్తో కొట్టుకుంటున్నాడు. ఈమధ్య ఒక సెంటర్ వాళ్లు ‘బిడ్డను మొత్తంగా చూసే సమగ్ర చికిత్స’ అంటూ ఆరు నెలల ప్యాకేజీ చెప్పారు. వెంట్రుకల పరీక్ష, గోధుమలూ పాలూ మానిపించడం, ఏడు రకాల సప్లిమెంట్లు, ఆక్సిజన్ ఛాంబర్ అందులో ఉన్నాయి. థెరపీలు ఆపేసినా ఫర్వాలేదన్నారు. మా అత్తగారేమో నేను ఉద్యోగానికి వెళ్లడం వల్లే ఇలా అయిందంటారు. నాకు టెన్షన్‌తో ఏమీ తోచడం లేదు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

సమాధానం: ముందు మీ అత్తగారి మాట సంగతి తేల్చేద్దాం. మీ ఉద్యోగం వల్ల బాబుకి ఆటిజం రాలేదు. తల్లి సరిగ్గా దగ్గరకు తీసుకోకపోతే ఆటిజం వస్తుందని 1950, 60లలో డాక్టర్లే అనేవారు. ఆ వాదన ఎప్పుడో కూలిపోయింది. ఇది మెదడు ఎదిగే తీరులో వచ్చే తేడా. చాలావరకు పుట్టకముందే మొదలవుతుంది, జన్యువుల పాత్ర పెద్దది. టీకాల వల్లా రాదు. 1998లో అలా అనుమానం రేపిన పరిశోధన పత్రాన్ని ‘లాన్సెట్’ పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది. ఈ నాలుగు ముక్కలూ ఆవిడకు చదివి వినిపించండి.

ఇక ప్యాకేజీ. బిడ్డను మొత్తంగా చూడాలన్న మాట మంచిదే, నేనూ అదే అంటాను. కానీ మీరు రాసిన జాబితాను రెండుసార్లు చదివాను. అందులో పొట్ట చేత్తో నొక్కి చూసినట్టు లేదు. నోరు తెరిపించి పళ్లు చూసినట్టు లేదు. చెవుల ఊసు లేదు. రాత్రి రెండింటికి ఎందుకు లేస్తున్నాడని అడిగినవాళ్లూ లేరు. వెంట్రుకలు మాత్రం అడిగారు! ఆటిజం ఉన్న బిడ్డకు కూడా మిగతా పిల్లల్లాగే పన్ను పుచ్చుతుంది, చెవి పోటు వస్తుంది, పొట్ట బిగుస్తుంది. వాటిని వెతికి నయం చేయడమే సమగ్ర చికిత్సలో మొదటి మెట్టు.

తలమీద కొట్టుకోవడం దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది అదే. మాటలు రాని పిల్లాడు పన్ను నొప్పి పుడితే ‘అమ్మా, పన్ను’ అనలేడు, దవడ మీద కొట్టుకుంటాడు. ఇంతకుముందు లేని అలవాటు రెండు నెలల కిందట మొదలైందంటే ‘ఆటిజంలో ఇవన్నీ మామూలే’ అని వదిలేయకూడదు. ఎప్పుడూ ఒకే వైపు కొట్టుకుంటున్నాడా? తింటున్నప్పుడా, పడుకోబెట్టినప్పుడా? ఒకే వైపైతే ముందు పన్ను, చెవి చూడాలి. పడుకోగానే ఎక్కువైతే చెవిలో ఇన్‌ఫెక్షన్ గానీ, పొట్టలోంచి పైకి ఎగదన్నే యాసిడ్ గానీ కావచ్చు. వారం రోజులు గమనించి రాసి పెట్టండి, వీలైతే ఫోన్‌లో చిన్న వీడియో తీయండి. దాన్ని పిల్లల డాక్టరుకు, పళ్ల డాక్టరుకు చూపించండి. వినికిడి పరీక్ష ఇంతవరకు చేయించకపోతే అది కూడా ఈ నెలలోనే కానివ్వండి.

మలబద్ధకం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నాలుగైదు రోజులకోసారి అంటే పేగులో గట్టిపడిన మలం పేరుకుపోయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. గట్టిగా వస్తే నొప్పి, నొప్పి భయంతో బిగబట్టడం, బిగబట్టేకొద్దీ ఇంకా గట్టిపడటం, ఇదొక చక్రం. బల్ల అంచుకు, సోఫా చేతికి పొట్ట ఆనించి వంగి నిలబడుతున్నాడా చూడండి. కాళ్లు కత్తెరలా వేసి, మునివేళ్ల మీద లేచి, ఏదో మూలకు వెళ్లి బిగుసుకుపోవడం కూడా ఉంటుంది. చూసేవాళ్లకు అది ఆటిజం అలవాటులా కనిపిస్తుంది గానీ లోపల జరిగేది వేరు. నిక్కరులో అప్పుడప్పుడు పల్చగా అంటుకుంటుంటే విరేచనాలని పొరబడొద్దు. పేరుకున్న దాని పక్కనుంచి జారుతున్నదే అది.

దీనికి పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడి మందును డాక్టర్లు పిల్లలకు తరచూ రాస్తారు. మొదట పేరుకున్నదంతా ఖాళీ చేయించి, తర్వాత తక్కువ మోతాదులో కొన్ని నెలలపాటు కొనసాగిస్తారు. నాలుగు రోజులు బాగుందని ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుంది, సాగిపోయిన పేగు బిగువుకు రావడానికి టైమ్ పడుతుంది. అలవాటు పడిపోతాడేమోనన్న భయం వద్దు. భోజనమయ్యాక ఐదు నిమిషాలు, పాదాలు గాల్లో వేలాడకుండా కింద చిన్న పీట వేసి కూర్చోబెట్టండి. వచ్చినా రాకపోయినా కూర్చున్నందుకే మెచ్చుకోండి. పాలు మరీ ఎక్కువ తాగే పిల్లల్లో మలబద్ధకం, రక్తహీనత రెండూ చూస్తుంటాం. రోజుకు ఎన్ని గ్లాసులో డాక్టరుకు చెప్పండి.

నిద్ర విషయానికొస్తే, చాలామంది అమ్మలు ముందుగా అడిగేది మెలటోనిన్ గురించి. ఆటిజం పిల్లల్లో పనిచేస్తుందని మంచి ఆధారాలున్న మందుల్లో అదొకటి. కానీ ప్రధానంగా అది త్వరగా నిద్ర పట్టడానికి సాయపడుతుంది, మధ్యరాత్రి మెలకువను ఆపడంలో దాని బలం తక్కువ. మీ వాడిది రెండో రకం. కాబట్టి కారణం వెతకాలి. గురక పెడుతున్నాడా? అయితే టాన్సిల్స్, అడినాయిడ్స్ చూడాలి. పడుకున్నాక కాళ్లు ఊరికే విదిలిస్తున్నాడా? అయితే రక్తంలో ఫెరిటిన్ చూడాలి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఒంట్లో ఐరన్ నిల్వలు పడిపోయి ఉండొచ్చు. ఫెరిటిన్ 50 కంటే తక్కువుండి కాళ్లు కుదురుగా ఉంచలేని పిల్లలకు ఐరన్ ఇచ్చి చూస్తారు. ఐరన్ మలబద్ధకాన్ని పెంచగలదు కాబట్టి ముందు పొట్ట సంగతి చూసుకోవాలి. ఇవేవీ కాకపోతే రోజూ ఒకే సమయానికి పడక, గంట ముందు ఫోనూ టీవీ బంద్, రెండింటికి లేచినా లైటు వేయకుండా, కబుర్లు పెట్టకుండా మళ్లీ పడుకోబెట్టడం. వినడానికి తేలికే, చేయడం కష్టం. అందుకే ఇంట్లో ఇద్దరు వంతులు వేసుకోండి, రోజూ మీరొక్కరే లేవొద్దు.

తిండి విషయంలో గొడవ పడకండి. నాలుగు రకాలే తినడం మొండితనం అనుకోవద్దు, నోట్లో ఆ మెత్తదనం, ఆ వాసన వాళ్లు నిజంగానే తట్టుకోలేరు. మానసిక, ఎదుగుదల సమస్యలను నిర్ధారించడానికి డాక్టర్లు వాడే పుస్తకం డీఎస్ఎం–5. 2013లో వచ్చిన ఆ పుస్తకం ఇలాంటి ఇంద్రియ తేడాలను ఆటిజం లక్షణాల్లోనే చేర్చింది. ఇప్పుడు తినేదానికి దగ్గరగా ఉన్నది, అదే కరకర ఉండి రంగో రుచో కొంచెం మారినది పక్కన పెట్టి వదిలేయండి. తాకితే చాలు, మర్నాడు వాసన చూస్తే చాలు. పది, పదిహేనుసార్లు కనిపించాకే కొందరు నోట్లో పెట్టుకుంటారు. అయితే ఒక హెచ్చరిక. పండ్లు, కూరగాయలు బొత్తిగా ముట్టని పిల్లల్లో విటమిన్ సి లోపించి స్కర్వీ వచ్చిన కేసులున్నాయి. నడవనని మొరాయించడం, కాళ్లు తాకనివ్వకపోవడం, చిగుళ్లలో రక్తం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

గోధుమలు, పాలు మానిపించమన్నారు కదా. మీ బాబు తినే నాలుగింటిలో అవి ఎన్ని? అవి తీసేస్తే కంచంలో ఏం మిగులుతుంది? గోధుమల్లోని గ్లూటెన్, పాలలోని కేసీన్ అనే ప్రొటీన్లు లేని ఆహారం వల్ల ఆటిజం లక్షణాలు తగ్గుతాయనడానికి గట్టి ఆధారం ఇప్పటికీ లేదు. గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బో, పాల అలర్జీయో నిజంగా ఉంటే మానేయాల్సిందే. కానీ సీలియాక్ రక్తపరీక్ష గోధుమలు తింటున్నప్పుడే చేయించాలి, మానేశాక చేస్తే జబ్బు ఉన్నా లేనట్టే రావచ్చు. పరీక్ష లేకుండా ముందే మానిపించేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

వెంట్రుకల పరీక్షతో ఒంట్లో లోహాల విషం ఉందని తేల్చలేం. దాని వెనకే ‘ఒంట్లోని లోహాల విషం తీసేస్తాం’ అంటూ కీలేషన్ అనే మందు వస్తుంది. 2005లో అమెరికాలో ఆటిజం ఉన్న ఐదేళ్ల బాబు కీలేషన్ ఇంజెక్షన్ వల్ల రక్తంలో కాల్షియం పడిపోయి చనిపోయాడు. బాబు మట్టి, సున్నం, పెయింటు పెచ్చులు నోట్లో పెట్టుకుంటుంటే మాత్రం రక్తంలో సీసం పరీక్ష అడగండి, అది అవసరమైన పరీక్ష. ఆక్సిజన్ ఛాంబర్‌తో ఆటిజంలో మేలు జరుగుతుందని తేలలేదు. చెవుల్లో ఒత్తిడి నొప్పి మాత్రం రావచ్చు, అదీ ఇప్పటికే తల కొట్టుకుంటున్న పిల్లాడికి. రేపు ఎవరైనా స్టెమ్ సెల్స్ అన్నా ఇదే జవాబు.

‘మా పక్కింటి పాప వీటితోనే బాగుపడింది’ అంటారు ఎవరో. అబద్ధం చెబుతున్నారని అనను. సెక్రెటిన్ కథ వినండి. పేగుల్లో ఊరే ఈ హార్మోన్ ఇచ్చాక ముగ్గురు పిల్లలు మెరుగయ్యారని 1998లో ఒక నివేదిక వచ్చింది. తల్లిదండ్రులు ఎగబడ్డారు. 1999లో పద్ధతిగా పరీక్షించారు, కొందరికి సెక్రెటిన్, కొందరికి ఉత్త సెలైన్, ఎవరికి ఏది ఇచ్చారో ఇంట్లోవాళ్లకు తెలియకుండా. రెండు గుంపుల్లోనూ పిల్లలు దాదాపు ఒకేలా మెరుగయ్యారు! పిల్లలు ఎలాగూ ఎదుగుతుంటారు, పైగా మనం ఆశతో చూస్తుంటాం. అందుకే ఏడు సప్లిమెంట్లు ఒకేసారి మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది పొట్ట పాడుచేసిందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. బీ6 విటమిన్ ఎక్కువ మోతాదులో నెలల తరబడి ఇస్తే నరాలే దెబ్బతినొచ్చు. రక్తపరీక్షలో ఐరన్, విటమిన్ డి వంటి లోపం ఏది తేలితే అదొక్కటే, లెక్క ప్రకారం ఇవ్వండి.

థెరపీలు ఆపొద్దు. కాకపోతే సెంటర్‌లో గడిపే గంటకన్నా ఇంట్లో మీతో గడిపే గంటలు ఎక్కువ కదా, అసలు పని అక్కడ జరగాలి. బ్రిటన్‌లో పాక్ట్ అనే పద్ధతిలో తల్లిదండ్రులు బిడ్డతో ఆడుకునే వీడియోను థెరపిస్టు పక్కన కూర్చుని వాళ్లకే చూపించి నేర్పారు. దాదాపు ఆరేళ్ల తర్వాత చూసినా ఆ మేలు కొంత నిలిచే ఉందని 2016లో వచ్చిన పరిశోధన చెప్పింది. మీరు ఇలా చేయండి. సబ్బు బుడగలు నాలుగుసార్లు ఊది, సీసా మూత గట్టిగా బిగించి వాడి చేతికివ్వండి. ఊరుకోండి. ‘ఏం కావాలి, చెప్పు చెప్పు’ అనకండి. లోపల పది లెక్కపెట్టండి. వాడు సీసా మీ చేతిలో పెట్టినా, మీ మొహంలోకి చూసినా అది అడగడమే. ‘ఊదు’ అని ఒక్క మాట అని వెంటనే ఊదండి. కావాల్సింది చూపించి అడిగే బొమ్మల కార్డులు అలవాటు చేస్తే మాటలు రావని చాలామంది భయపడతారు. కార్డులు మాటలకు అడ్డు రావు.

సంగీతం, ఆటలు, ఈత వాడికి ఇష్టమైతే తప్పకుండా. ఆటిజం పిల్లలకు నీళ్ల ప్రమాదాలు ఎక్కువ కాబట్టి ఈత నేర్పడం ఇంకా మంచిది, నేర్చుకున్నా నీళ్ల దగ్గర ఒంటరిగా వదలకూడదు. ఇక మందులు. తీవ్రమైన చిరాకు, తనను తాను గాయపరచుకోవడం ఉన్న పిల్లలకు రిస్పెరిడోన్‌ను 2006లో, అరిపిప్రజోల్‌ను 2009లో అమెరికాలో అనుమతించారు. బరువు పెరగడం, మత్తు వంటి ఇబ్బందులున్నాయి కాబట్టి నొప్పి ఏదీ లేదని తేలాకే వాటి గురించి ఆలోచించాలి.

ఈ వారం పిల్లల డాక్టరు దగ్గర పొట్ట, చెవులు, ఫెరిటిన్ పరీక్ష. పళ్ల డాక్టరుకు ముందే ఫోన్ చేసి ‘మా వాడికి ఆటిజం, జనం తక్కువున్న టైమ్ ఇవ్వండి’ అని అడగండి. ఏ మార్పు చేసినా ఒకటే చేసి, మూడు నాలుగు వారాలు నోట్‌బుక్‌లో నిద్ర, మోషన్, కొట్టుకోవడం రాయండి. ఈలోగా కళ్లు ఒకవైపు నిలిచిపోయి పిలిచినా, తాకినా పలకకపోయినా, ఫిట్స్‌లా అనిపించినా, వచ్చిన ఆ ఏడెనిమిది మాటలు పోతున్నా, దెబ్బలతో తల వాచినా, పొట్ట ఉబ్బి వాంతులు మొదలైనా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.