లిస్బన్ మీద మనసు పడిపోయిన అక్కకి

మిమ్మల్ని అక్కా అంటాను, ఏమనుకోకండి. మీరు రాసిన నాలుగు పేజీలూ రెండుసార్లు చదివా. మిగతా వాళ్ళకి అర్థమవ్వడానికి సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఈవిడకి 54 ఏళ్ళు, వైజాగ్ వన్‌టౌన్‌లో ఇల్లు, ఆయన పోర్టులో చేసి రిటైరయ్యారు, కొడుకూ కోడలూ పోర్చుగల్‌లో లిస్బన్‌లో ఉద్యోగాలు. పోయినేడాది మే చివర్లో వాళ్ళ దగ్గరికెళ్ళి ఆగస్టు దాకా ఉండొచ్చారు. వచ్చిందగ్గర్నుంచీ ఇక్కడ ఏదీ రుచించట్లేదు, రాత్రిళ్ళు ఫోన్‌లో ఆ ఊరి వీధుల వీడియోలు చూస్తూ కూర్చుంటున్నారు, ఆయనేమో "ఇంకా ఆ ఊరి పిచ్చి దిగలేదేటి నీకు" అని విసుక్కుంటున్నారు. మళ్ళీ వస్తానని కొడుకుతో అంటే "చూద్దాం లేమ్మా" అన్నాడు, అది గుచ్చుకుంది. "ఇంత వయసొచ్చి ఒక ఊరి కోసం ఏడుస్తున్నాను, నాకు మతి పోయిందా" అని అడిగారు.

పోలేదక్కా. మనుషుల మీద మనసు పడినట్టే ఊళ్ళ మీదా పడుతుంది, అది ఇరవై ఏళ్ళప్పుడే జరగాలని రూలేం లేదు. పైగా మీరు పడింది మామూలు ఊరి మీద కాదు. ఏడు కొండల ఊరంటారు దాన్ని, కింద తేజో నది సముద్రం లాగా వెడల్పుగా ఉంటుంది, జూన్‌లో రాత్రి తొమ్మిదింటి దాకా పొద్దు గూకదు, ఆ తెల్లరాళ్ళ పేవ్‌మెంట్ల మీద ఎండ పడి ఊరంతా మెరుస్తుంది. మనకి ఆరున్నర దాటితే చీకటి, వంటింట్లో లైటు వేసి రాత్రి పనికి దిగుతాం. మీకక్కడ సాయంత్రం మీద రెండున్నర గంటలు ఊరికే దొరికాయి, జీవితంలో మొదటిసారి. అల్ఫామా అనే పాతపేట సందుల్లో మెట్లెక్కుతుంటే కిటికీల్లోంచి ఆరేసిన బట్టలూ, కిటికీలో కూర్చుని వీధిలో వాళ్ళతో కబుర్లాడే ముసలమ్మలూ కనిపిస్తే మా బురుజుపేట గుర్తొచ్చిందని రాశారే, ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయా. కొత్త ఊళ్ళో మీ పాత ఊరు కనిపించింది మీకు, మీ అమ్మ కాలం నాటిది. ఇంకో మాట, మనం రోజూ అనే అల్మారా, మేస్త్రీ, అనాస, వేలం ఇవన్నీ పోర్చుగీసు వాళ్ళ నోటి నుంచి వచ్చినవే. అక్కడ షాపులో ఆ మాటలు వినిపిస్తే సొంతవాళ్ళ గొంతు విన్నట్టు అనిపించిందన్నారు కదా, అందులో వింతేం లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మీ ఉత్తరంలో 28 నంబరు ట్రామ్ గురించి ఒకసారి రాశారు, నది అవతలి ఒడ్డున ఉన్న కాసిల్యాష్‌కి ఫెర్రీలో వెళ్ళడం ఒకసారి, సంతు అంతోనియో పండగ రాత్రి వీధిలో కాల్చిన చేపల గురించి ఒక పేరా. కానీ "నన్నెవరూ ఎక్కడికెళ్ళావని అడగలేదు" అన్నది మూడుసార్లు రాశారు, మీరు గమనించారో లేదో. కొడుకూ కోడలూ ఆఫీసుకెళ్ళాక తాళం వేసుకుని, బ్యాగులో నీళ్ళ సీసా పడేసుకుని, కొండ మీద మిరాదోరు దగ్గర, అంటే ఊరంతా కనిపించేలా కట్టిన అరుగు దగ్గర, గంట కూర్చుని వచ్చేవారు. ఇక్కడ పూర్ణా మార్కెట్‌కి వెళ్ళొచ్చినా ఎవరు కనిపించారు ఎందుకింత లేటు అని లెక్క చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా ఫలానా వాళ్ళావిడ, ఫలానా వాడి అమ్మ, అక్కడ మాత్రం ఎవరూ కాదు, ఊరికే నడుచుకుంటూ పోతున్న ఒక మనిషి. మీరు దిగులు పెట్టుకున్నది సగం ఆ ఊరి మీద, సగం ఆ ఊళ్ళో మీరు ఉన్న తీరు మీద. ఊరు వీసా లేకుండా రాదు, రెండో సగానికి మాత్రం వీసా అక్కర్లేదు, దాన్ని ఎవరో ఇచ్చేదాకా ఆగకండి.

అలాగని "వైజాగ్‌లోనే అన్నీ ఉన్నాయి కదమ్మా" అనే రకం మాట నేను చెప్పను, అది విని విని మీకు విసుగొచ్చి ఉంటుంది. లిస్బన్ లిస్బనే. కానీ ఇది అడగాలనిపిస్తోంది, వన్‌టౌన్‌లో హార్బర్ ఎదురుగా పక్కపక్కనే మూడు కొండలున్నాయి, ఒకదాని మీద వెంకన్న, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద రాస్ హిల్ చర్చి, అక్కడ నిలబడితే డాల్ఫిన్స్ నోస్ కొండ పక్క నుంచి ఓడలు లోపలికి రావడం చేతికందేంత దగ్గర్లో కనిపిస్తుంది. మీ ఇంటికి పది నిమిషాలు. పెళ్ళయ్యాక ఒక్కరే ఎన్నిసార్లు ఎక్కారు? పూజకీ, చుట్టాలొస్తే చూపించడానికీ కాకుండా? ఈ వారంలో ఒకరోజు ఎక్కండి, ఇంట్లో "కొండ దాకా వెళ్ళొస్తా, గంటన్నర పడుతుంది" అని చెప్పి వెళ్ళండి, వెళ్ళనా అని అడగకండి. ఆధార్ కార్డు పర్సులో పెట్టుకోండి, 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి సిటీ బస్సుల్లో టికెట్ లేదు కాబట్టి ఖర్చు పేరు చెప్పి ఎవరూ ఆపలేరు. 900K నంబరు బస్సెక్కితే భీమిలి దాకా సముద్రం చూసుకుంటూ వెళ్ళి రావచ్చు. మొదటి వారం అందరూ వింతగా చూస్తారు, రెండో నెలకి అలవాటైపోతుంది, ఇది నేను చాలామంది ఇళ్ళల్లో చూశాను.

ఇంకొకటి చెప్తే కోపం తెచ్చుకోకండి. మీరు చూసింది వేసవి లిస్బన్. నవంబరు నుంచి అక్కడ వానలు, ఇళ్ళల్లో చాలావాటికి సరైన హీటింగ్ ఉండదు, గోడలు చెమ్మగిల్లుతాయి, బయట కంటే లోపలే చలి అంటారు ఉండేవాళ్ళు. మీకంత నచ్చిన అల్ఫామాలో పాతకాపులు ఎంతోమంది అద్దెలు కట్టలేక ఊరి చివరికి వెళ్ళిపోయారు, వాళ్ళున్న ఇళ్ళు టూరిస్టులకి రోజుల లెక్కన ఇచ్చేస్తున్నారు. ఇవన్నీ మీ ప్రేమ తగ్గించడానికి చెప్పట్లేదు. మనిషిని పెళ్ళిలో పట్టుచీర కట్టుకున్నప్పుడే చూసి అంతే అనుకోం కదా, ఊరు కూడా అంతే, ఆ కిటికీలో ముసలమ్మకి జనవరిలో మోకాళ్ళు ఎలా ఉంటాయో కూడా తెలిస్తే అప్పుడు మీది ఇంకా గట్టి ప్రేమ అవుతుంది.

మీ ఆయన గురించి నాలుగు పేజీల్లో రెండే లైన్లు రాశారు. విమానం పడదని ఆయన రాలేదు, మూడు నెలలూ ఆడపడుచు ఇంటి నుంచి క్యారేజీ తెప్పించుకున్నారు. మీరు తిరిగొచ్చి ఊరంతటికీ లిస్బన్ కబుర్లు చెప్పారు, ఆ మూడు నెలలూ ఒక్కరూ ఎలా ఉన్నారని ఆయన్ని అడిగారా? రాయలేదు కాబట్టి అడగలేదనే అనుకుంటున్నా. ఆయన "పిచ్చి" అంటున్నది ఊరి మీద కోపం కాకపోవచ్చు, ఈవిడ అక్కడే బావుంది, నా దగ్గర బాలేదు అన్న దెబ్బ అయ్యుండొచ్చు. రిటైరైన మగవాళ్ళకి ఆ భయం బాగా ఉంటుంది, చెప్పుకోలేక కసురుకుంటారు. ఆయన మాట తీరు కరెక్ట్ అని నేననట్లేదు, పిచ్చి అనే మాట ఇంక వాడొద్దని గట్టిగానే చెప్పండి. చెప్పేముందు మాత్రం ఒకరోజు టీ దగ్గర కూర్చుని ఆయన మూడు నెలల సంగతి మొత్తం వినండి, మధ్యలో మీ ట్రామ్ సంగతి తేకుండా.

కొడుకు "చూద్దాం" అన్నదానికి కాదని అర్థం తీసుకోకండి. టూరిస్టు వీసా మీద ఏ 180 రోజుల్లో చూసుకున్నా 90 రోజులకి మించి ఉండనివ్వరు, రెండు గదుల ఇంటికే అక్కడ అద్దె నడుం విరిచేస్తుంది, టికెట్లు వేసవిలో మండిపోతుంటాయి, వాడి బుర్రలో ఇవన్నీ తిరుగుతుంటాయి. మీరు "మళ్ళీ వస్తాను" అన్నారు గానీ ఎప్పుడు, ఎన్నాళ్ళు, ఎవరి డబ్బుతో అని చెప్పలేదు. ఇలా అడిగి చూడండి, వచ్చే ఏడాది కాదు ఆ పై ఏడాది, నెల రోజులు, టికెట్టు నేను పొదుపు చేసి కొనుక్కుంటా, మీకు వీలైన నెల చెప్పండి. ఈ మాట కోడలితో విడిగా అనండి, ఎందుకంటే ఆ నెల ఇల్లు పంచుకోవాల్సింది ఆ అమ్మాయి. ఈలోపు పోర్చుగీసు నేర్చుకోవడం మొదలెట్టండి, ఫోన్‌లో ఫ్రీగా నేర్పే యాప్‌లున్నాయి, రోజుకి పావుగంట చాలు, ఈసారి ఆ కిటికీలో ముసలమ్మకి చెయ్యి ఊపి వచ్చేయకుండా నాలుగు మాటలు మాట్లాడి రావచ్చు.

రెండు నెలలుగా సరిగ్గా నిద్ర లేదని, ముద్ద దిగట్లేదని చివర్లో ఎక్కడో రాశారు, దాన్ని లిస్బన్ ఖాతాలో వేసేసి వదిలేయకండి. ఈ వయసులో థైరాయిడ్, షుగర్, రక్తం తగ్గడం, ఏదైనా అయ్యుండొచ్చు, ముందు ఆ టెస్టులు చేయించండి. డాక్టరు అన్నీ బానే ఉన్నాయన్నా ఏడుపు ఆగకపోతే 14416కి ఫోన్ చేయండి, అది మనసు బాలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం వాళ్ళు పెట్టిన టెలి మానస్ లైను, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

చివరికి ఆ మొక్క సంగతి. పండగ రోజు మీ అబ్బాయి కొనిచ్చిన మంజెరీకు కుండీ, మన తులసికి చుట్టమే, కాగితం పువ్వూ చిన్న పద్యం చీటీ గుచ్చి ఇస్తారు, ముక్కు పెట్టి వాసన చూడకూడదు, అరచేత్తో తడిమి ఆ చెయ్యి వాసన చూడాలి అంటారు. బాల్కనీలో పెట్టి వచ్చారు, సెప్టెంబరులో ఎండిపోయిందని కోడలు చెప్తే ఫోన్‌లోనే ఏడ్చేశారు. అక్కా, ఆ మొక్క అక్కడ కూడా ఒక్క సీజనే ఉంటుంది, ఎవరింట్లో అయినా వేసవి దాటాక ఎండిపోవాల్సిందే, మళ్ళీ జూన్‌లో కొత్తది కొనుక్కుంటారు. ఈ ఒక్క మాటా ఇవాళే కోడలికి ఫోన్ చేసి చెప్పండి, మీ ఏడుపు విన్న దగ్గర్నుంచీ తనే సరిగ్గా నీళ్ళు పోయలేదనుకుంటూ ఉంటుంది ఆ పిల్ల.