హైదరాబాద్‌లో అద్దెకుంటున్నాం, జనగణనలో ఎక్కడ రాయించుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. సొంతూరు నారాయణపేట వైపు, పన్నెండేళ్లుగా మియాపూర్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నారు. రేషన్ కార్డు, ఓటు ఊళ్లోనే ఉన్నాయి. జనగణనలో ఇక్కడ పేరు రాయిస్తే అక్కడివి పోతాయేమోనని టెన్షన్. పైగా "ఎక్కణ్నుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు" అన్న వివరాలు సర్కారుకెందుకని మీ అనుమానం.

ఇక్కడే రాయించుకోండి. జనగణనలో ఇచ్చిన సమాధానాన్ని బట్టి కార్డు గానీ ఓటు గానీ తీసేయరు. నేను ప్రభుత్వ స్కూల్ టీచర్‌ని. 2011 జనగణనలో ఎన్యూమరేటర్‌గా, అంటే ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే మనిషిగా చేశాను, 2024 నవంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం చేయించిన ఇంటింటి సర్వేలోనూ తిరిగాను. ఈ భయం ఎన్ని గుమ్మాల దగ్గర విన్నానో లెక్కలేదు.

2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు లెక్క జరిగింది. ఆ ఇరవై రోజుల్లో మామూలుగా ఎక్కడ ఉంటారో అక్కడే రాయాలి. మధ్యలో జాతరకో పెళ్లికో ఊరికెళ్లి నాలుగు రోజులుండి వచ్చినా ఇక్కడి మనిషే. ఆ ఇరవై రోజులూ ఊళ్లో లేనివాళ్లను, ఇల్లు వాళ్లదే అయినా, ఊళ్లో రాయకూడదు. 28వ తేదీ రాత్రి ఫుట్‌పాత్‌ల మీద, స్టేషన్ల దగ్గర పడుకున్నవాళ్లను లెక్కపెట్టాం. మార్చి 1 నుంచి 5 వరకు మళ్లీ తిరిగి, ఆలోపు పుట్టినవాళ్లను చేర్చి చనిపోయినవాళ్లను తీసేశాం.

రూల్ ఇంత తేలిగ్గానే ఉంటుంది. అయినా నేనే తప్పు చేశాను.

నా బ్లాక్, అంటే లెక్క రాయమని నాకప్పగించిన ప్రాంతం చివర్లో ఒక ఖాళీ స్థలం. 2010లో ఇళ్ల లెక్క జరిగినప్పుడు అక్కడ ఏమీ లేదు, నాకిచ్చిన నక్షాలోనూ ఖాళీగానే ఉంది. నేను ఫారాలు పట్టుకుని వెళ్లేసరికి రేకుల షెడ్లు వెలిశాయి. పక్కనే అపార్ట్‌మెంట్ కడుతున్నారు. మొదటి షెడ్డు ముందు ఒకామె మూడు రాళ్ల పొయ్యి మీద జొన్నరొట్టె కాలుస్తోంది. లోపల చీర ఉయ్యాలలో పాప. పేరు చెప్పమంటే తల కూడా ఎత్తకుండా, "మేం ఈడోళ్లం గాదు మేడమ్, మా ఊర్లనే రాసిండ్రు. మా అత్త చెప్పిందంట" అంది. మిగతా షెడ్లలోనూ అదే మాట. సాయంత్రం అవుతోంది, ఇంకా చాలా ఇళ్లు మిగిలి ఉన్నాయి. సరేలే అనుకుని వెనక్కి వచ్చేశాను.

రాత్రి సూపర్‌వైజర్‌కి చెబితే, "అత్త చెప్పడం కాదు మేడమ్, వాళ్లు పడుకునేది ఎక్కడ?" అన్నారు. మళ్లీ వెళ్లేసరికి స్లాబ్ పని అయిపోయి మేస్త్రీ అందరినీ ఇంకో సైటుకు తీసుకెళ్లిపోయాడు. పొయ్యి రాళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. ఊళ్లో ఆ అత్త నిజంగా చెప్పిందా, అక్కడి ఎన్యూమరేటర్ "ఊళ్లో లేరు కదా" అని కొట్టేశాడా, నాకు తెలియదు. కొట్టేసి ఉంటే మాత్రం ఆ పాప ఈ దేశం లెక్కలో ఎక్కడా లేదు. జనగణన అయ్యాక కొన్ని బ్లాకుల్లో మళ్లీ సరిచూసే సర్వే చేస్తారు. 2011లో వెయ్యికి 23 మంది తప్పిపోయారని అందులో తేలింది. ఆ అంకె చూసినప్పుడల్లా నాకు ఆ ఉయ్యాలే గుర్తొస్తుంది.

ఇక వలస ప్రశ్నల సంగతి. ఎక్కడ పుట్టారు, ఇక్కడికి రాకముందు చివరిసారి ఎక్కడ ఉన్నారు, ఎందుకు వచ్చారు, వచ్చి ఎన్నేళ్లయింది అని అడుగుతారు. మనవాళ్లను "మీదే ఊరు?" అని అడిగితే తాతల నాటి ఊరు చెబుతారు. ఫారానికి కావాల్సింది అది కాదు. నారాయణపేట నుంచి పుణె వెళ్లి, అక్కణ్నుంచి మియాపూర్ వచ్చి ఉంటే చివరి నివాసం పుణె అవుతుంది. పుట్టిన చోటు కూడా తికమకే. మన దగ్గర మొదటి కాన్పుకు పుట్టింటికి పంపుతారు కదా, అలా అమ్మమ్మ ఊళ్లో పుట్టి మూడో నెలలో ఇక్కడికి వచ్చిన పిల్లాడు కూడా లెక్క ప్రకారం వలస వచ్చినవాడే. అందుకే కారణాల్లో "పుట్టిన తర్వాత వచ్చారు" అని విడిగా ఒకటి పెట్టారు.

నాకు బాధనిపించేది కారణం గడి దగ్గర. ఒక్క కారణమే రాయాలి. పెళ్లయి భర్తతో వచ్చి, మర్నాటి నుంచే తట్ట మోసిన ఆడమనిషికి కూడా "పెళ్లి" అనే పడుతుంది. 2011లో దేశం మొత్తం మీద దాదాపు 45 కోట్ల మంది వలస వచ్చినవాళ్లుగా తేలారు. ఆడవాళ్లలో ఎక్కువ మందికి కారణం పెళ్లి. ఆ మాట వెనక ఎంత కూలి పని ఉందో పట్టికలో కనిపించదు. అందుకే మీ ఇంట్లోవాళ్లు పని చేస్తుంటే, పని గురించిన ప్రశ్నల దగ్గర ఆ మాట తప్పకుండా చెప్పించండి.

నాలుగు నెలలు వచ్చి పోయే పాలమూరు కూలీల్లాంటి వాళ్లను పదేళ్లకోసారి జరిగే లెక్క సరిగా పట్టుకోలేదు. వాళ్ల కోసం నేషనల్ శాంపిల్ సర్వే వాళ్లు 2007-08లో, పని కోసం నెలకు పైగా ఆరు నెలల లోపు ఊరు విడిచినవాళ్లెవరని విడిగా అడిగారు. 2016-17 ఆర్థిక సర్వే అయితే రైళ్లలో రిజర్వేషన్ లేని టికెట్ల లెక్కను బట్టి, ఏటా సుమారు 90 లక్షల మంది రాష్ట్రాలు దాటుతున్నారని అంచనా కట్టింది. జనరల్ బోగీ టికెట్ నుంచి కూడా మనుషుల జాడ తీయాల్సి వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో జనం రోడ్ల మీద నడుస్తుంటే ఏ ఊరివాళ్లు ఎందరున్నారో చెప్పే లెక్క ఎవరి దగ్గరా లేకపోయింది.

మీకు దీనివల్ల ఏమిటంటారా? 2013 ఆహార భద్రతా చట్టం కింద ఏ రాష్ట్రంలో ఎందరికి బియ్యం ఇవ్వాలన్నది జనగణన అంకెల మీదే తేలుస్తారు. 2011 తర్వాత పెరిగిన జనం ఆ కోటాలో లేరు. పదిహేనో ఆర్థిక సంఘం రాష్ట్రాలకు పన్నుల వాటా పంచినప్పుడు 2011 జనాభాకు 15 శాతం వెయిటేజీ ఇచ్చింది.

ఇంకో భయం, చెప్పినవి పోలీసులకో ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకో పోతాయని. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం మీ ఫారం ఎవరూ చూడటానికి లేదు, కోర్టులో సాక్ష్యంగానూ పనికిరాదు. రాష్ట్ర సర్వేలు వేరు, అవి ఈ చట్టం కింద జరగవు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే రోజు ఊళ్లో లేకపోతే పథకాలు ఆగిపోతాయని జనం బస్సుల టాప్ మీద కూడా ఎక్కి వెళ్లారు కదా, మీ భయం అప్పటిదే అనుకుంటాను. జనగణనను, ఆ సర్వేను కలపొద్దు.

ఈసారి జనాభా లెక్కకు ప్రామాణిక తేదీ, అంటే ఏ రోజు నాటికి ఉన్న జనాన్ని లెక్కలోకి తీసుకుంటారో ఆ తేదీ, 2027 మార్చి 1. కులం కూడా అడుగుతారు, ఫోన్‌లో సొంతంగా నింపుకునే వీలూ ఉంటుంది. ఊళ్లో మీ అమ్మానాన్నలకు ఇప్పుడే ఫోన్ చేసి, మీ పేర్లు అక్కడ చెప్పొద్దని చెప్పండి. మీ బిల్డింగ్ సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం ఉంటే, వచ్చిన ఎన్యూమరేటర్‌ని కిందికి తీసుకెళ్లి ఆ గది చూపించండి. లిఫ్ట్ ఎక్కి పై నుంచి మొదలుపెట్టే మాకు ఆ తలుపు చాలాసార్లు కనబడదు.