టచ్ పోయిందా, డిస్‌ప్లే పోయిందా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో ఇంటర్ బైపీసీ చదువుతోంది. నోట్సంతా తొమ్మిదో తరం ఐప్యాడ్‌లోనే, యాపిల్ పెన్సిల్‌తో రాసుకుంటుంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఐప్యాడ్ మంచం మీంచి జారి పడింది. కింద కుడి మూల సొట్ట పడి, అక్కణ్నుంచి అద్దం బీటలు వారింది. బొమ్మ బాగానే కనిపిస్తోంది కానీ కుడి అంచున ఒక పట్టీ మేర టచ్ పని చేయడం లేదు. ఒక షాపులో గ్లాస్ మారిస్తే చాలు, 4,500 అన్నారు. ఇంకో షాపులో కాంబో, అంటే అద్దం, డిస్‌ప్లే రెండూ కలిపి మార్చాలి, 14,000 అవుతుంది అన్నారు. మా వారేమో దానికి ఇంకొంచెం వేసి కొత్తదే కొందాం అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. బొమ్మ బాగుంది, టచ్ పోయింది అన్నారు. మీ మోడల్‌లో పై అద్దం వేరు, కింద బొమ్మ చూపించే ఎల్‌సీడీ వేరు. రెండింటి మధ్యా సన్నటి ఖాళీ ఉంటుంది. టచ్ పొర పై అద్దానికే అతికి ఉంటుంది కాబట్టి అద్దం మారిస్తే టచ్ కూడా కొత్తది వచ్చినట్టే. అదే 2014లో వచ్చిన ఐప్యాడ్ ఎయిర్ 2 అయితే అద్దాన్నీ డిస్‌ప్లేనీ కలిపి ఒకే ముక్కగా అతికించేశారు. దానికైతే కాంబో తప్పదు. అందుకని రెండో షాపాయన మోసగాడని నేననను. పగిలిన అద్దం ఊడదీస్తుంటే కింద ఎల్‌సీడీ పోయిందంటే ఆ గొడవ తన మెడకు చుట్టుకుంటుందని కొందరు ముందే పెద్ద లెక్క చెప్పేస్తారు.

అయినా మీరు ఇంట్లోనే ఒకసారి తేల్చుకోండి. తెల్లటి పేజీ ఒకటి తెరిచి, వెలుతురు పూర్తిగా పెంచండి. నల్ల మచ్చలు, నిలువు గీతలు, ఒక పక్క మసక... ఇవేవీ లేకపోతే ఎల్‌సీడీ క్షేమం. తర్వాత ఏదైనా యాప్ గుర్తును వేలితో నొక్కి పట్టి, వదలకుండా తెరంతా నెమ్మదిగా తిప్పండి. ఎక్కడ అది వేలి కింద నుంచి జారిపోతుందో అక్కడ టచ్ చచ్చిపోయినట్టు. ఈ రెండూ చూసుకుని షాపుకి వెళితే బేరం మీ చేతిలో ఉంటుంది.

ఇంతకంటే ముందు చేయాల్సింది నోట్సు కాపాడుకోవడం. రిపేరులో ఏదైనా తేడా జరిగితే 4,500 మళ్లీ సంపాదించవచ్చు, రెండేళ్ల బోటనీ బొమ్మలు మళ్లీ గీయలేం. ఐక్లౌడ్‌లో ఉచితంగా వచ్చేది 5 జీబీయే, దానికి సరిపోకపోవచ్చు. కంప్యూటర్‌కి వైరు పెట్టి బ్యాకప్ తీసుకోండి. పాస్‌కోడ్ అంకె ఆ చచ్చిన పట్టీలో పడిందనుకోండి, ఐప్యాడ్‌ని అడ్డంగానో తలకిందులుగానో తిప్పండి, కీప్యాడ్ వేరే చోటికి జరుగుతుంది. మా షాపుకి దీని కోసమే టెన్షన్‌గా పరుగెత్తుకొచ్చేవాళ్లున్నారు. తిప్పి చేతికిస్తే నవ్వుకుంటూ వెళ్లిపోతారు. పగుళ్ల మీద వెడల్పాటి ప్యాకింగ్ టేపు అంటించండి. గాజు పెళ్లలు వేళ్లకు గుచ్చుకోవు, లోపలికీ రాలవు. టూత్‌పేస్ట్ రాయమని ఎవరైనా చెబితే, దాన్ని పళ్లకే ఉంచుకోండి.

ఇక షాపులో అడగాల్సినవి. ఎక్కువమంది రేటు ఒక్కటే అడిగి ఊరుకుంటారు.

ముందుగా ఆ సొట్ట మూల సంగతి. అల్యూమినియం అంచు లోపలికి వంగి ఉంటే, దాన్ని సరిచేయకుండా కొత్త అద్దం బిగిస్తే ఆ మూలే మళ్లీ పగులుతుంది. నెల తిరక్కుండా "గ్లాస్ నాసిరకం ఇచ్చారు" అని తగాదాకొచ్చే కేసుల్లో నేను మొదట చూసేది ఆ మూలే. "మూల సాపు చేసి బిగిస్తారా?" అని అడగండి. "అదేం ఫర్వాలేదండీ" అంటే ఇంకో షాపు చూసుకోండి.

రెండోది హోమ్ బటన్. వేలిముద్ర చదివే భాగం అందులోనే ఉంది, అది ఆ ఐప్యాడ్ బోర్డుతో జతకట్టి ఉంటుంది. పాత అద్దం నుంచి దాన్ని జాగ్రత్తగా తీసి కొత్తదానికి పెట్టాలి. దాని సన్నటి వైరు పట్టీ తెగిందా, బయట దొరికే ఏ బటన్ వేసినా వేలిముద్ర పని చేయదు. ఇచ్చేముందు వేలిముద్ర పని చేస్తోందని వాళ్లకు చూపించండి, తీసుకునేటప్పుడు మీరు చూసుకోండి.

మీ అమ్మాయికి అన్నిటికన్నా ముఖ్యమైంది పెన్సిల్. చవకరకం టచ్ గ్లాసులు వేలికి బాగానే పలుకుతాయి, పెన్సిల్ దగ్గరకొచ్చేసరికి తేలిపోతాయి. స్కేలు ఆనించి మూల నుంచి మూలకు మెల్లగా ఒక గీత గీయించండి. గీత వంకర్లు పోతే ఆ గ్లాస్ వద్దనండి. పెన్సిల్ వెంట తీసుకెళ్లి, అక్కడే గీసి చూశాకే డబ్బు ఇవ్వండి. మంచి రకం గ్లాసుకి ఇంకో వెయ్యి, పదిహేను వందలు అడిగినా ఇవ్వవచ్చు. ఐప్యాడ్ వదిలి రావాల్సి వచ్చినా పాస్‌కోడ్ కాగితం మీద రాసి ఇవ్వకండి. చివర్లో మీరే వెళ్లి తెరిచి చూపించండి.

కంపెనీ సర్వీస్ సెంటర్ సంగతంటారా, ఈ మోడల్‌కి అద్దం ఒక్కటే మార్చరు. మొత్తం ట్యాబ్‌నే మార్చి ఇస్తారు. చార్జీ దానికి తగ్గట్టే ఉంటుంది, పాత దాంట్లోని డేటా దాంతోనే పోతుంది.

మీవారి లెక్క కూడా చూద్దాం. ఏ16 చిప్పున్న ఐప్యాడ్ 2025 మార్చిలో వచ్చినప్పుడు మన దేశంలో ధర 34,900 రూపాయలు. 4,500 పక్కన పెడితే అది "ఇంకొంచెం" ఎలా అవుతుంది? మీ అమ్మాయిది మొదటి తరం పెన్సిల్ కాబట్టి కొత్త దానికి జత చేయడానికి వేరే అడాప్టర్ కూడా కావాలి. పైగా అందులోనూ అద్దం వేరు, ఎల్‌సీడీ వేరు. మంచం మీంచి పడితే అదీ పగిలేదే. మీది 2021లో వచ్చిన మోడలే అయినా, 2025లో వచ్చిన ఐప్యాడ్ సాఫ్ట్‌వేర్ ఐప్యాడ్‌ఓఎస్ 26 దాని మీద నడుస్తుంది. ఇంటర్ అయ్యేదాకా నిక్షేపంగా పనికొస్తుంది. ఒకవేళ ఎల్‌సీడీ కూడా పోయి 14,000 నిజంగానే అవసరమైతే, అప్పుడు మీవారి మాటే నా మాట.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి వీడియో కాల్ చేస్తాడని సామ్‌సంగ్ ట్యాబ్ ఏ7 లైట్ వాడుతున్నాం. బల్ల మీంచి పడ్డాక తెర మొత్తం నలుపు. కాల్ వస్తే రింగ్ మాత్రం వినిపిస్తోంది. పారేయాల్సిందేనా?
– ఓ రిటైర్డ్ టీచర్, కరీంనగర్

జవాబు: మాస్టారూ, రింగ్ వినిపిస్తోందంటే బోర్డు బతికే ఉంది. పవర్ బటన్, సౌండ్ తగ్గించే బటన్ రెండూ కలిపి పది సెకన్లకు పైగా నొక్కి పట్టండి. అయినా వెలగకపోతే గదిలో లైట్లు ఆర్పి, కాల్ వచ్చినప్పుడు తెర మీద టార్చి ఏటవాలుగా వేయండి. బొమ్మ లీలగా కనిపిస్తే పోయింది వెనకాల వెలిగే లైటు. ఏమీ కనిపించకపోతే పడ్డ అదురుకు డిస్‌ప్లే కనెక్టర్ ఊడి ఉండొచ్చు, లేదా డిస్‌ప్లేనే పోయి ఉండొచ్చు. విప్పి కనెక్టర్ మళ్లీ నొక్కి చూడమనండి, అది కొద్ది నిమిషాల పని. కాంబో మార్చాలంటే మాత్రం, అలాంటి కొత్త ట్యాబ్ ధరలో మూడో వంతు దాటితే నేను వద్దంటాను. 3 జీబీ ర్యామ్‌తో వచ్చిన ట్యాబ్ అది, ఇప్పటికే మెల్లగా నడుస్తుంటుంది.

పక్కన పెట్టేయాలనుకుంటే, తెర లేకుండా అందులో డేటా చెరపలేం కదా అని దిగులు పడకండి. వైఫై తగులుతుంటే ఇంకో ఫోన్‌లో మీ గూగుల్ ఖాతాతోనే ఫైండ్ హబ్ (పోయిన ఫోన్లు, ట్యాబ్‌లు వెతికే గూగుల్ యాప్) తెరిచి, అక్కణ్నుంచే మొత్తం చెరిపేయవచ్చు. ఫొటోలు గూగుల్ ఫొటోస్‌లోకి చేరాయో లేదో ముందు చూసుకోండి.

ప్రశ్న: మా ట్యాబ్ ఎక్కడా పడలేదు. అయినా తెర ఒక పక్క పైకి లేచింది. ఫెవిక్విక్ వేసి నొక్కేయవచ్చా?
– ఓ పాఠకుడు, నల్గొండ

జవాబు: నొక్కకండి! అది బ్యాటరీ ఉబ్బడం వల్ల లేచి ఉంటుంది. వెంటనే స్విచాఫ్ చేయండి, మళ్లీ చార్జింగ్ పెట్టకండి, పిల్లలకు అందనివ్వకండి. పరుపు మీదో బీరువాలో బట్టల మధ్యో కాకుండా గచ్చు మీద ఉంచండి. ఉబ్బిన బ్యాటరీకి చిల్లు పడితే మంటలు రేగుతాయి. బ్యాటరీ మార్చే అనుభవం ఉన్న చోటికి ఈరోజే తీసుకెళ్లండి. తెర బాగానే ఉంటే బ్యాటరీ మార్చి దాన్నే తిరిగి అతికిస్తారు. తీసిన బ్యాటరీని ఇంటికి తెచ్చుకోవద్దు, మున్సిపాలిటీ చెత్త బండిలోనూ వేయొద్దు. ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వమని షాపులోనే చెప్పండి.