మైనర్ బండి నడిపి గుద్దితే: పేరు మార్చి చెప్పినంత మాత్రాన కేసు పోదు

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. మా వారు దుబాయ్‌లో ఉంటారు, స్కూటీ ఆయన పేరు మీదే ఉంది. మా అబ్బాయికి పదిహేడేళ్లు, ఇంటర్ సెకండియర్. పోయిన వారం స్నేహితుణ్ణి వెనక ఎక్కించుకుని కాలేజీ నుంచి వస్తూ ఒక పెద్దాయనను గుద్దాడు. ఆయన కాలు విరిగింది. బండికి ఇన్సూరెన్స్ ఉంది. మా తమ్ముడికి లైసెన్సు ఉంది కాబట్టి అతనే నడిపాడని రాయిస్తే సరిపోతుందని పెద్దమనుషులు అంటున్నారు. రేపు స్టేషన్‌కు రమ్మన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ తమ్ముడి పేరు చెప్పకండి. దెబ్బ తిన్న పెద్దాయన, వెనక కూర్చున్న స్నేహితుడు, దారి పొడుగునా ఉన్న కెమెరాలు, ఆసుపత్రిలో రాసిన మెడికో లీగల్ రికార్డు, మీ తమ్ముడి ఫోన్ ఆ గంటలో ఏ టవర్ కింద ఉందన్న లెక్క, వీటిలో ఏ ఒక్కటి ఎదురు తిరిగినా అబద్ధం బయటపడుతుంది. పోలీసులు వదిలేసినా ఇన్సూరెన్స్ కంపెనీ తన మనిషిని పంపి ఆరా తీయిస్తుంది. అసలు నేరస్థుణ్ణి కాపాడడానికి తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 238 కింద విడిగా నేరం. అంటే పిల్లవాడి కేసు ఉండగానే పెద్దవాళ్ల మీద రెండో కేసు వచ్చి పడుతుంది.

నిజం చెబితే అబ్బాయికి ఏమవుతుందో చూద్దాం. కాలు విరిగింది కాబట్టి తీవ్ర గాయం, అంటే అదే సంహిత సెక్షన్ 125(బి), గరిష్ఠంగా మూడేళ్ల జైలు. దానితో పాటు నిర్లక్ష్యపు డ్రైవింగ్‌కు 281 కూడా పెడతారు. బాల న్యాయ చట్టం లెక్కలో గరిష్ఠ శిక్ష మూడేళ్ల వరకు ఉన్నది చిన్న నేరమే. పిల్లవాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు. అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరు పరచాలి, అక్కడ బెయిల్ ఇవ్వడమే నియమం. చిన్న నేరాల విచారణ నాలుగు నెలల్లో, పొడిగిస్తే మరో రెండు నెలల్లో ముగియాలి. అప్పటికీ తేలకపోతే ఆ ప్రొసీడింగ్స్ అక్కడితో రద్దవుతాయి. రేపు ఉద్యోగానికో పాస్‌పోర్టుకో అడ్డం వస్తుందని భయపడుతున్నారేమో, బాల న్యాయ చట్టం సెక్షన్ 24 ప్రకారం దీనివల్ల ఏ అనర్హతా అంటదు. వయసు రుజువుకు ఆధార్ కాదు, టెన్త్ మెమో తీసుకెళ్లండి.

అసలు బరువు మీ మీద, మీ వారి మీద పడుతుంది. మోటారు వాహన చట్టంలో 2019లో చేర్చిన 199ఎ ప్రకారం మైనర్ నేరం చేస్తే సంరక్షకులో బండి యజమానో దోషి. గరిష్ఠంగా మూడేళ్ల జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు, అబ్బాయికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. మీ సమ్మతితోనే నడిపాడని కోర్టు ముందే అనుకుంటుంది. తెలియకుండా తీశాడనో, ఆపడానికి తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నామనో మీరే రుజువు చేసుకోవాలి. దుబాయ్‌లో ఉన్న మీ వారికి ఈ వాదన కొంత నిలబడవచ్చు. రోజూ కాలేజీకి బండి మీదే పంపి ఉంటే మీకు మాత్రం కష్టం. అదే నంబరుకు ఇంతకుముందు వచ్చిన ఈ-చలాన్ ఫొటోల్లో అబ్బాయి కనిపిస్తే ఇంకా కష్టం. లేని రక్షణను కల్పించకండి. ఏడేళ్ల లోపు శిక్షలున్న కేసుల్లో పోలీసులు సాధారణంగా అరెస్టు చేయకుండా భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) సెక్షన్ 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇస్తారు. అది చేతికొస్తే తప్పక హాజరవ్వండి, ఎగ్గొడితేనే అరెస్టుకు దారి తెరుచుకుంటుంది.

పదహారేళ్లు దాటితే గేర్లు లేని బండి నడపొచ్చని ఊళ్లో చాలామంది నమ్ముతారు. ఆ వెసులుబాటు 50 సీసీ దాటని ఇంజనుకే, అదీ లైసెన్సు తీసుకున్నాకే. మీ ఇంట్లో ఉన్నది మామూలుగా అమ్ముడయ్యే 110 సీసీ రకం అయితే అది మీకు వర్తించదు.

ఇక డబ్బు. పేరు మార్చమనే సలహాకు మూలం ఇదే. లైసెన్సు లేనివాడు నడిపితే ఇన్సూరెన్స్ మొత్తం పోతుందని అనుకుంటారు. అలా కాదు. స్వరణ్ సింగ్ కేసులో 2004లో సుప్రీంకోర్టు చెప్పిన దారిలో, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునళ్లు సాధారణంగా ముందు కంపెనీ చేత బాధితుడికి కట్టించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకొమ్మంటాయి. కాబట్టి పెద్దాయనకు పరిహారం ఆగదు, చివరి భారం మాత్రం మీ వారి మీదికి రావచ్చు. యజమానికి చెప్పకుండా మైనర్ తాళం తీసుకెళ్లిన కేసులో కూడా 2011లో సుప్రీంకోర్టు రాబట్టుకునే హక్కు కంపెనీకే ఇచ్చింది. జరిగింది జరిగినట్టు కంపెనీకి వెంటనే రాతపూర్వకంగా తెలపండి. మీ బండి రిపేరు క్లెయిమ్ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి.

పెద్దాయన ఆసుపత్రి ఖర్చు విషయంలో సాయం చేయండి. 2025 నగదు రహిత చికిత్స పథకం కింద, గుర్తించిన ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల దాకా, 1.5 లక్షల రూపాయల వరకు చికిత్స ఉంటుంది. మిగతా బిల్లులకు మీరిచ్చేది ఖాతా ద్వారానే ఇవ్వండి, రసీదులు దాచండి. తెల్లకాగితం మీద రాజీ రాయించుకుంటే ఆయన తర్వాత ట్రిబ్యునల్‌కు వెళ్లకుండా ఆపలేరు. రాజీ నిలవాలంటే లోక్ అదాలత్‌లోనో కోర్టు అనుమతితోనో జరగాలి. మహిళగా మీకు, మైనర్‌గా మీ అబ్బాయికి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, హెల్ప్‌లైన్ 15100. రేపు స్టేషన్‌కు వెళ్లేముందే ఫోన్ చేయండి.

బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ తనిఖీ చేశాక మేజిస్ట్రేట్ కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 503 కింద విడుదలకు అర్జీ పెట్టాలి. యజమాని ఇక్కడ లేరు కాబట్టి దుబాయ్‌లోని భారత కాన్సులేట్‌లో మీ పేర పవర్ ఆఫ్ అటార్నీ అటెస్ట్ చేయించి పంపమనండి. అది ఇండియాకు చేరాక మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంప్ డ్యూటీ కట్టించాలి.